నాయిన సంచి ప్రార్థన

మొన్నామధ్య మా మనవరాలు స్నేహ ఒక పూట ఉండడానికి మా యింటికి వచ్చింది. మర్నాడు తెల్లవారి పటాన్‌చెరు అవతల ఏదో పది కిలోమీటర్ల పరుగు ఉందట. బీరంగూడలో అమ్మమ్మ ఇల్లు ఉండగా నగరం నుంచి పడుతూ లేస్తూ రావడమెందుకని ఒక సంచి భుజాన వేసుకుని దిగింది. పరుగు ఒక్కటే అయితే ఏముంది? అది ముగించుకుని అటునుంచి అటే ఒక స్నేహితురాలి ఇంటికి పోవాలి, మధ్యాహ్నం ఏదో శిక్షణకు పోవాలి, సాయంత్రం సినిమాకు పోవాలి. టీ తాగి, రేపటికి కావలసినదంతా మంచం మీద పరిచింది. పరుగు బూట్లు, చెమట పీల్చే బనీను, లాగు, మారు బట్టలు, నీళ్ల సీసా, ఖర్జూరాలు, నంబరు అచ్చేసిన కాగితం, దాన్ని గుచ్చుకోవడానికి నాలుగు పిన్నీసులు. ఫోనులో ఒక జాబితా ఉంది. ఒక్కొక్కటి సంచిలో పడేస్తూ జాబితా మీద వేలితో టిక్కు కొడుతోంది. నేను పక్కన కూర్చుని, ఆ పిల్ల అటు తిరిగినప్పుడల్లా సంచిలో చెయ్యి పెట్టి తడిమి చూస్తున్నాను. లాగు పెట్టుకున్నావా అని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతుంటే, "ఏంది అమ్మమ్మా, నా మీద నమ్మకం లేదా?" అని నవ్వింది. నాకు నమ్మకం లేనిది ఆ పిల్ల మీద కాదు. యాభై ఏళ్లు దాటినా ఒక ఉదయం నా వేళ్లను వదలలేదు, అంతే.

మాది ఈ బీరంగూడ గుట్ట వెనకాల ఊరే. ఇప్పుడు ఊరేదో బస్తీ ఏదో తెలియకుండా కలిసిపోయాయి గానీ, అప్పుడు గుట్ట దిగితే జొన్న చేలు, చేల నడుమ కాలిబాట, బాట చివర బొంబాయి రోడ్డు. రోడ్డు అవతల అప్పటికి కొత్తగా లేచిన పెద్ద ఫ్యాక్టరీ. దాని సైరనే మా ఊరికి గడియారం. మొదటి కూతకు అమ్మ పొయ్యి ముట్టించేది, రెండో కూతకు నాయిన బడి తాళం చేతిలోకి తీసుకునేవాడు. నాయిన ఊళ్లో చిన్న బడికి పంతులు. ఆదివారం పాస్టరుగారు రాలేని వారాల్లో వాక్యం చెప్పేది కూడా ఆయనే. మా యింట్లో ఎప్పుడూ మూడు వాసనలుండేవి. కాలిన జొన్నరొట్టె వాసన, నాయిన అంగీకి అంటిన సుద్దపొడి వాసన, నాయినమ్మ మోకాళ్లకు రాసుకునే కర్పూర తైలం వాసన. నాయిన నెమ్మదైన మనిషి. ఇంట్లో మాట్లాడితే మా ఊరి మాటే మాట్లాడేవాడు. ప్రార్థనకు కూర్చుంటే మాత్రం ఆయన నోట వేరే తెలుగు వచ్చేది. పోతున్నం అనే మనిషి పోవుచున్నాము అనేవాడు. దేవుడికి ఊరి తెలుగు రాదేమోనని చిన్నప్పుడు నాకు అనుమానం.

ఎవరు ఊరు దాటి పోయినా సంచి ప్రార్థన జరగాల్సిందే. ఇది మా యింటి పద్ధతి. నాయిన ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు, తర్వాత ఏ ఇంట్లోనూ నేను చూడలేదు. ఖాళీ సంచి మంచం మీద తెరిచి పెట్టేవాళ్లం. దాని పక్కన సామాను. నాయినమ్మ, నేను, చిన్న తమ్ముడు, అందరం కింద చాప మీద కూర్చుని కళ్లు మూసుకోవాలి. నాయిన ఒక్కొక్క వస్తువు పేరు చెప్పి దేవుడికి అప్పగిస్తాడు. పేరు చెప్పిన వస్తువును అమ్మ తీసి సంచిలో పెడుతుంది. అందుకని ప్రార్థనలో కళ్లు తెరిచి ఉండే హక్కు మా యింట్లో అమ్మ ఒక్కదానిదే. "ప్రభువా, ఈ తువ్వాలను నీ చేతికి అప్పగించుచున్నాము, దీనితో తుడుచుకొనబోవు ముఖమును కాపాడుము. ఈ రొట్టెలను, ఈ మామిడి తొక్కును నీ సన్నిధిని ఉంచుచున్నాము. తొక్కు నూనె కారి బట్టలకు అంటకుండ నీవే కావలియుండుము." నాకు నవ్వు వచ్చేది, నవ్వితే నాయినమ్మ చెయ్యి తొడ మీద పడేది. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఆ పద్ధతిలో ఎన్నడూ ఏ వస్తువూ ఇంట్లో ఉండిపోలేదు. పేరు పలికినది సంచిలో ఉంటుంది, పలకనిది ఉండదు. అడగందే అమ్మయినా పెట్టదు అనే సామెత మా యింట్లో అక్షరాలా నిజం.

నేను పటాన్‌చెరు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. రోజూ రోడ్డు అంచున నడిచిపోయేదాన్ని. ఆలస్యమైతే ఉరికేదాన్ని, నాకు రోజూ ఆలస్యమే. ఆ ఉరుకుడు చూసి డ్రిల్లు టీచరు కమలమ్మగారు నన్ను పట్టుకున్నారు. స్కూలు పోటీల్లో గెలిచాను. అప్పుడు ఆమె మా యింటికి వచ్చి నాయినతో ఒక మాట చెప్పారు. సంగారెడ్డిలో జిల్లా ఎంపిక ఉంది, ఎనిమిది వందల మీటర్ల పరుగులో మొదటి ఇద్దరు ఆడపిల్లలకు హైదరాబాదులో ఆటల హాస్టల్లో సీటు ఇస్తారు, తిండీ బట్టా చదువూ అన్నీ వాళ్లే చూసుకుంటారు అని. నాకు అది ఎంత పెద్ద మాటో చెప్పలేను. పదో తరగతి తర్వాత నాకు ముందర దారి లేదు. నాయినమ్మ అప్పటికే జహీరాబాద్ వైపు ఒక సంబంధం మాట వేసి ఉంచింది. ఆడపిల్ల తొడలు కనపడేలా మైదానంలో ఉరకడమేమిటని టీచరుగారి ముందే అడిగేసింది కూడా. అందరం నాయిన వైపు చూశాం. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకుని, "దేవుని చిత్తం" అన్నాడు. మా యింట్లో ఆ మాటకు అవుననీ అర్థం ఉంది, కాదనీ అర్థం ఉంది. ఆయన మనసులో ఏముందో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. అదే నన్ను వారం రోజులు తినేసింది.

లాగు అమ్మే కుట్టింది. మా వైపు లాగు అంటే మగపిల్లలు తొడిగేది, పుస్తకాల్లో నిక్కరు అంటారు. నీలం రంగు మందపు గుడ్డతో, నాయినమ్మ కునుకు తీసే మధ్యాహ్నాల్లో, నడుముకు నాడా వేసి చేత్తో కుట్టింది. కొలత చూడటానికి నన్ను తలుపు వెనకకు పిలిచేది. నాయినమ్మ దగ్గితే చాలు లాగు కొంగు కిందికి పోయేది. ఇంట్లో ఆ వస్తువు ఉందని అందరికీ తెలుసు, ఎవరూ దాని మాట ఎత్తరు. నేను తొడుక్కుని పెరట్లో నాలుగు అడుగులు వేస్తే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో భయం కూడా ఉండింది.

ఎంపిక రోజు పొద్దున ఇంట్లో పెళ్లికి పోతున్నంత హడావుడి. సంగారెడ్డి అంటే మాకు జిల్లా కచేరి ఊరు. ఏడాదికి ఒకసారి పోతే గొప్ప. పోయేవాళ్లుంటే ఊరంతా పనులు అప్పజెప్పేది. నాయినమ్మ అద్దాల కాడ విరిగింది, అతికించుకు రావాలి. మా చర్చిలో పాటల పుస్తకం అట్ట ఊడింది, కుట్టించుకు రావాలి. పక్కింటి పటేలు ఖాళీ దవాఖాన మందు సీసా ఒకటి తెచ్చి, సరిగ్గా ఇలాంటిదే తెమ్మని ఇచ్చి పోయాడు. ఇవన్నీ మంచం మీద చేరాయి. నా వయసు కాగితం, తెల్ల చొక్కా, కాన్వాసు బూట్లు, తువ్వాల, పిన్నీసుల రేకు, నిమ్మకాయలు, రొట్టెలు వీటి నడుమ ఎక్కడో ఉన్నాయి. లాగు మాత్రం మంచం మీద లేదు. అమ్మ దాన్ని మడిచి నడుము దగ్గర కొంగు కింద దోపుకుని చాప మీద కూర్చుంది. నాయినమ్మ కంట పడకుండా, పేరు రాగానే చప్పున సంచిలోకి జార్చాలని ఆమె ఎత్తు. నాకు అది తెలుసు. నేను కళ్లు మూసుకుని ఆ పేరు కోసం చెవులు రిక్కించాను. నాయిన నోట ఆ మాట వస్తే ఆయనకు ఇష్టమున్నట్టే అని నాలో నేను పందెం కట్టుకున్నాను.

ప్రార్థన నిదానంగా సాగింది. విరిగిన అద్దాలను అప్పగించాడు. పాటల పుస్తకాన్ని అప్పగించాడు. పటేలు సీసాను కూడా వదల్లేదు. పిన్నీసులను, నిమ్మకాయలను, వయసు కాగితాన్ని ఎంచి చెప్పాడు. "నీ దాసురాలు ధరింపవలసిన ఈ చొక్కాను" అన్నాడు. తర్వాత ఆగాడు. ప్రార్థనలో నాయిన అలా ఆగడం నేను ఎన్నడూ వినలేదు. ఆ ఖాళీలో నాయినమ్మ దగ్గింది. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ రెండో కూత కూసింది. బస్సు టైము. నాయిన గొంతు గబగబా నడిచింది. బూట్లు, తువ్వాల, రొట్టెలు, ఆమెన్. అందరం లేచాం. అమ్మ రొట్టెల మూట మీద ఇంకో గుడ్డ చుట్టాలని వంటింట్లోకి ఉరికింది, నాయిన సంచి మూతి కట్టాడు. అమ్మ ఎప్పుడో జార్చే ఉంటుందని నేననుకున్నాను. పేరు రాలేదు గదా అని లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. అయినా అడగడానికి నాకూ నోరు రాలేదు. నాయినమ్మ ఎదురుగా ఉంది.

బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చోమన్నాడు. సంచి ఆయన ఒళ్లో. పటాన్‌చెరు దాటాం, రుద్రారం దాటాం. ఏదైనా మాట్లాడతాడేమోనని చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాలేదు. మైదానం చేరేసరికి ఎండ ఎక్కింది. ఒక మూల ఆడపిల్లల పరుగులు, ఇంకో మూల ఫ్యాక్టరీల వాలీబాల్ జట్లు. నడుమ షామియానా కింద బల్ల, బల్ల మీద మైకు. కమలమ్మ టీచరు పరుగున వచ్చి, ఇంకో అరగంటలో మా పరుగని, బట్టలు మార్చుకొమ్మని ఒక ఖాళీ తరగతి గది చూపించారు. నేను సంచి విప్పాను. తువ్వాల తీశాను, సీసా తీశాను, పుస్తకం, అద్దాలు, చొక్కా, బూట్లు, పిన్నీసులు, వయసు కాగితం, నిమ్మకాయలు, రొట్టెల మూట తీశాను. అడుగున ఇంకేమీ లేదు. సంచి బోర్లించి దులిపితే రొట్టె తునకలు రాలాయి. లంగాను తొడల దాకా ఎత్తి పట్టుకుని చూసుకున్నాను, ఇలా ఉరకగలనా అని.

ఉరకనివ్వరు. విజిల్ మెడలో వేసుకున్న సన్నటి మనిషి ఆ మాట ముఖం మీదే చెప్పాడు. లంగాతో ఉరికితే లెక్కలోకి రాదు, లాగు లేకుంటే పేరు కొట్టేస్తానన్నాడు. కమలమ్మ టీచరు పిల్లలనందరినీ అడిగి వచ్చారు. ఉన్నవాళ్లందరూ నాతోపాటు ఉరికేవాళ్లే. ఒక్కొక్కరికి ఒక్కటే ఉంది. పావుగంట అయిపోయింది. నాయిన గది గడప బయట సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా జన్మలో ఆయనతో అలా మాట్లాడలేదు.

"నేను ఉరుకుడు నీకు ఇష్టం లేదు నాయినా. గందుకే దాని పేరు తియ్యలే. నువ్వు పేరు తియ్యకుంటె అమ్మ పెట్టదని నీకెరుకే."

ఆయన నా వైపు చూడలేదు. అద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. సంచి గడప మీద పెట్టి మైదానంలోకి నడిచిపోయాడు. నిజం చెప్పేసరికి తట్టుకోలేక బస్సు స్టాండుకు పోతున్నాడనుకున్నాను. ఇంత మాట అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను, ఆయననూ తిట్టుకున్నాను. అంతలో లౌడ్‌స్పీకర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ దగ్గు నాకు తెలుసు. తర్వాత కమలమ్మ టీచరు చెప్పారు. నాయిన బల్ల దగ్గరికి పోయి, ఫలానా వస్తువు కావాలని మీరు అనౌన్స్ చెయ్యండని అడిగాడట. ఆ వస్తువు పేరు మాత్రం చెప్పలేక చేతులతో నడుము దగ్గర చూపిస్తున్నాడట. మైకు దగ్గరి మనిషికి అర్థం కాక, మీరే చెప్పుకోండ్రి సారూ అని మైకు ఆయన చేతికే ఇచ్చేశాడట.

"ప్రియమైన సహోదరులారా," అన్నాడు నాయిన. మైదానమంతా నవ్వింది. నేను తలుపు వెనక్కి పోయి చెవులు మూసుకోబోయాను, మూసుకోలేకపోయాను. నవ్వు తగ్గేదాకా ఆగి, ఆయన మళ్లీ మొదలు పెట్టాడు. ఈసారి ఊరి మాటే వచ్చింది. "నేను పంతులును. నా బిడ్డ ఇప్పుడు ఉరకాలె. దాని లాగు ఇంట్ల ఉండిపోయింది. తప్పు బిడ్డది గాదు, నాది. ఎవరి దగ్గరన్న లాగు ఉంటె జెర ఇయ్యుండ్రి. ఉరికినంక ఉతికి ఇస్త."

వాలీబాల్ మూల నుంచి ఎవడో కొంటెవాడు, ఏం కావాలె సారూ వినపడలే అని అరిచాడు. వినపడక కాదు, ఇంకోసారి అనిపించాలని. నాయిన మైకును రెండు చేతులతో పట్టుకుని, ఆదివారం వాక్యం చదివినంత స్పష్టంగా చెప్పాడు. "లాగు. ఆడపిల్లకు. ఉరకనీకి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాలీబాల్ ఆడటానికి వచ్చిన ఒక పొడుగాటి మనిషి తన సంచి తెరిచాడు. బీహారు వైపువాడట, ఫ్యాక్టరీలో వెల్డింగు పని. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. "లేలో మాస్టర్‌జీ, ధులా హువా హై," ఉతికిందే తీసుకోండి అని మడిచిన తెల్ల లాగు నాయిన చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడట. ఆ లాగులో నాలాంటి వాళ్లు ఇద్దరు పడతారు. మోకాళ్లు దాటి కిందికి వచ్చింది, నడుము దగ్గర పట్టుకోకుంటే జారిపోతోంది. అప్పుడు పనికొచ్చాయి పిన్నీసులు. ప్రార్థనలో పేరున్నవి గదా, ఉన్నాయి. కమలమ్మ టీచరు నడుము చుట్టూ మడతలు వేసి నాలుగు వైపులా నాలుగు గుచ్చారు. చూడటానికి బియ్యం బస్తా మూతి కట్టినట్టు ఉన్నాను. గీత దగ్గరికి పోయేసరికి ఆ సన్నటి మనిషి విజిల్ నోట్లో పెట్టేశాడు.

రెండు చుట్లు ఉరకాలి. మొదటి చుట్టు ఎట్లా పోయిందో నాకు తెలియదు, కోపంతోనే ఉరికాను. నాలుగోదాన్ని. రెండో చుట్టు మలుపులో ఎడమవైపు పిన్నీసు విప్పుకుంది. అడుగు వేస్తే గుచ్చుతోంది, తీస్తే గుచ్చుతోంది. ఆగి పెట్టుకుంటే సీటు పోతుంది, ఆగకుంటే లాగు ఊడుతుందేమోనని భయం. ఎడమచెయ్యి నడుము మీద వేసి పిడికిలి బిగించి, ఒక్క చేత్తోనే ఊపుకుంటూ ఉరికాను. మూడోదాన్నయ్యాను. చివరి మలుపులో తాడు అవతల నాయిన నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటాడని అనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. రెప్ప వేయకుండా నా కాళ్లనే చూస్తున్నాడు. అప్పుడు నా కోపం ఎటు పోయిందో పోయింది. ముందున్న పిల్లను జానెడు తేడాతో దాటి గీత మీద పడ్డాను. రెండోదాన్ని. ఇద్దరిలో ఒకదాన్ని. తెల్ల లాగు మీద రూపాయి బిళ్లంత రక్తం.

నాయిన ఆ లాగును మైదానం పక్కన కుళాయి దగ్గరికి తీసుకుపోయి తానే ఉతికాడు. ఇంట్లో ఎన్నడూ తన తువ్వాల కూడా పిండుకోని మనిషి. ఎక్కడినుంచో సబ్బు ముక్క అడిగి తెచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, రక్తం మరక పోయేదాకా బండ మీద రుద్దాడు. వెల్డింగు మనిషి పర్వాలేదు మాస్టర్‌జీ, ఛోడ్‌దో, వదిలేయండి అని చెబుతూనే ఉన్నాడు. మాట ఇచ్చానని నాయిన వినలేదు. తడిదే మడిచి ఆయన చేతికిచ్చి నమస్కారం పెట్టాడు. తర్వాత మేం అద్దాలు అతికించుకున్నాం, పుస్తకం కుట్టించుకున్నాం, పటేలు మందూ కొన్నాం. పని ఏదీ ఆగలేదు.

తిరుగు బస్సులో ఆయన నోరు విప్పాడు. నేను అడగలేదు.

"మర్చిపోలే బిడ్డా. నోరు రాలే. దేవుని ముందట, మా అమ్మ పక్కకు కూసోంగ, ఆ మాట ఎట్ల తియ్యాల్నో సమజ్ గాలే. మీ అమ్మ ఎట్లన్న పెడ్తది తియ్ అనుకున్న."

మరి నీకు ఇష్టమేనా అని అడిగాను. ఇస్నాపూర్ దాటేదాకా ఆయన సంచి మూతి విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చున్నాడు. "జెర భయముండె," అన్నాడు చివరికి. "నువ్వు పోతె మళ్ల మా దిక్కు రావేమోనని." ఆ మాటతో నాకు పొద్దున్నించి రాని ఏడుపు వచ్చింది. ఆయన సంచిలోంచి తువ్వాల తీసి ఇచ్చాడు. దానితో తుడుచుకునే ముఖాన్ని కాపాడమని పొద్దున అడిగాడు గదా.

బస్సు దిగేసరికి రోడ్డు పక్క మైలురాయి మీద అమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో పాత పేపరు పొట్లం. పొద్దున మేం గడప దాటిన తర్వాత వంటింట్లోంచి రొట్టెల గుడ్డతో వస్తే కొంగు కిందినుంచి లాగు జారి పడిందట. చెప్పుల్లేకుండా చేలకు అడ్డంపడి రోడ్డు దాకా ఉరికిందట. ఆమె వచ్చేసరికి దుమ్ము మాత్రమే మిగిలింది. ఆ రోజు మా యింట్లో నాకన్నా ముందు ఉరికింది అమ్మ. ఆమె అరికాళ్లకు జొన్న కొయ్యలు గుచ్చుకున్న గాట్లు వారం రోజులు ఉన్నాయి. ఆమె నా ముఖం చూడలేక పొట్లం వైపే చూస్తుంటే, నాయిన ముందుకు పోయి, "సీటొచ్చింది," అన్నాడు. ఆమె పొట్లంతోనే ముఖం కప్పుకుంది. ఇంటికి పోయాక నాయినమ్మ అతికించిన అద్దాలు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. రెండోదాన్నని చెబితే, "నీకన్న జోరుగ ఉరికే పోరి ఇంకొకతె గూడ ఉన్నదా లోకంల?" అని బుగ్గలు నొక్కుకుంది. జహీరాబాద్ సంబంధం మాట ఆమె నోట మళ్లీ రాలేదు.

హాస్టలుకు పోయే రోజు సంచి ప్రార్థన నేను మరిచిపోలేను. అందరం కళ్లు మూసుకున్నాం. "ప్రభువా, మొదట ఈ లాగును నీ చేతికి అప్పగించుచున్నాము," అన్నాడు నాయిన. నాయినమ్మ దగ్గింది. ఆయన ఆగలేదు. పూర్వం యాజకులు కూడా లోపల నారలాగులు తొడుక్కునేవారని వాక్యంలో వెదికి పట్టుకున్నాడట. ఆ సంగతి తన తల్లికి పేజీ తీసి మరీ చదివి వినిపించాడు. అప్పటినుంచి ఎవరు ఏ ఊరికి పోయినా, చివరికి పాస్టరుగారు సభలకు పోయినా, మా యింట్లో జాబితా లాగుతోనే మొదలయ్యేది. లాగు లేని సంచికి కూడా. నేను డ్రిల్లు టీచరుగా ఉద్యోగంలో చేరి, నా స్కూలు పిల్లలను మొదటిసారి పోటీలకు తీసుకుపోతున్నప్పుడు పదకొండు సంచులు మంచం మీద పెట్టించి పదకొండు లాగులకూ విడివిడిగా ప్రార్థన చేశాడు. బస్సు తప్పిపోతుందని నేను మొత్తుకున్నా వినలేదు.

ఇప్పుడు బీరంగూడ రోడ్డు మీద ఆడపిల్లలు పొద్దున్నే లాగులు తొడుక్కుని ఉరుకుతుంటారు. ఎవరూ తల తిప్పి చూడరు. గడ్డపోతారం వైపు మందుల కంపెనీలకు పోయే బస్సులు వాళ్లను దాటుకుని పోతాయి. నేను గేటు దగ్గర నిలబడి వాళ్ల అడుగులు లెక్కపెడతాను, మనసు నిండుతుంది. పాత రోజులే మంచివని నా చేత ఎవరూ అనిపించలేరు. స్నేహ ఫోను ఏ వస్తువు పేరునైనా సిగ్గుపడకుండా పిలుస్తుంది. మంచిదే, దాని మూలంగా ఎవరి సీటూ పోదు. కానీ ఆ ఫోనుకు నోరు రాకపోవడమంటే ఏమిటో తెలియదు. నోరు రాని మాటను నీ కోసం వెయ్యిమంది ముందు మూడుసార్లు పలకడమంటే ఏమిటో అసలే తెలియదు.

నాయినకు పక్షవాతం వచ్చి, రెండోసారి దవాఖానకు తీసుకుపోతున్న మధ్యాహ్నం. నాకు అప్పటికి జుట్టు నెరుస్తోంది. బయట జీపు ఆగి ఉంది. అయినా అమ్మ సంచి తెరిచి మంచం మీద ఆయన పక్కనే పెట్టింది. మాట సగం పోయింది ఆయనకు. మేం కళ్లు మూసుకున్నాం. చాలాసేపటికి ఒక మాట వచ్చింది. "బిడ్డ లాగు." మా తమ్ముడు కళ్లు తెరిచి, మతి తప్పుతోందని నా వైపు సైగ చేశాడు. నేను కూడా కళ్లు తెరిచాను. అమ్మ అప్పటికే లేచింది. గోడ పక్క ట్రంకు పెట్టె తెరిచి, అడుగున వెదికి, తన చేత్తో కుట్టిన ఆ నీలం లాగు తీసుకువచ్చింది. మడతలు సరిచేసి సంచిలో అన్నిటికన్నా ముందు పెట్టింది. అప్పుడు ఆయన తువ్వాల అన్నాడు, అద్దాలు అన్నాడు, ఆమెన్ అన్నాడు.

నాలుగో రోజు ఆ సంచి ఆయన లేకుండా తిరిగి వచ్చింది. స్నేహ పోయాక దాన్ని అటక మీది నుంచి దింపి చూసుకున్నాను. లాగు అందులోనే ఉంది. ఎన్ని ఇళ్లు మారినా దాన్ని బయటికి తీయలేదు. ఆయన పేరు చెప్పి పెట్టించిన వస్తువును తీయడానికి నాకు చేతులు రావు.